తప్పించుకు తిరిగితే భయం తగ్గదు

ప్రమాదం నుంచి బయటపడి ఇంటికొచ్చిన మనిషికి మన వైపు మూడు మాటలు చెప్తారు. ‘ప్రాణాలతో బయటపడ్డావు, అదే పదివేలు’ అనేది మొదటిది. ‘రవ్వంత గుండె ధైర్యం చేసుకో’ అనేది రెండోది. నెలలు గడిచినా ఇంకా నిద్రపట్టడం లేదని తెలిస్తే ‘దాన్ని మర్చిపోమ్మా, తలుచుకునే కొద్దీ ఎక్కువవుతుంది’ అంటారు. మూడూ ప్రేమతో చెప్పేవే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ మూడో మాట మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. మర్చిపోలేకపోవడమే ఇక్కడ జబ్బు. మర్చిపోదామని రోడ్డుకీ, బస్సుకీ, మనుషులకీ దూరంగా తిరిగే కొద్దీ అది ముదురుతుంది. ఈ మాట నేను పుస్తకాల్లో చదివే ముందే ఒంటి మీద అనుభవించాను.

నేను ఒంగోలులో ఉంటాను, టీచర్ని. కొన్నేళ్ళ కిందట తెల్లవారుజామున నెల్లూరు వెళ్తుంటే, సింగరాయకొండ దాటాక హైవే పక్కన లైట్లు లేకుండా ఆపి ఉంచిన లారీని మా బస్సు వెనక నుంచి గుద్దింది. నా ముందు సీటులో ఉన్నాయన అక్కడికక్కడే పోయాడు. నాకు భుజం దగ్గర ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది, మళ్ళీ బడికి వెళ్ళాను, అందరూ బాగైపోయిందనుకున్నారు. చీమకుర్తి నుంచి గ్రానైటు రాళ్ళు మోసుకొచ్చే లారీ బ్రేకు వేసినప్పుడు ‘టుస్’మని గాలి వదిలే శబ్దం వినపడితే మాత్రం నా ఒళ్ళు చల్లబడిపోయేది. తరగతిలో బెంచీ పడినా చేతిలో సుద్దముక్క జారిపోయేది. డీజిలు వాసనకు వాంతి వచ్చేది. ఇంట్లో పిల్లలు గట్టిగా నవ్వినా కసురుకునేదాన్ని. ముందు సీటులో ఉన్నాయన పోయి నేనెందుకు మిగిలానన్న ప్రశ్న అన్నం తినేటప్పుడు కూడా వదిలేది కాదు.

డాక్టర్లు దీన్ని పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అంటారు, పొట్టిగా పీటీఎస్‌డీ. అమెరికా మానసిక వైద్యుల సంఘం తన వ్యాధుల గ్రంథంలో దీన్ని 1980లో చేర్చింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల బాధ అందుకు ఒక ముఖ్య కారణం. అందుకే చాలామంది ఇదేదో మిలిటరీ వాళ్ళకొచ్చే జబ్బు అనుకుంటారు. రోడ్డు ప్రమాదం, వరద, అగ్నిప్రమాదం, అత్యాచారం, ఇంట్లో ఏళ్ళ తరబడి తన్నులు తినడం, కళ్ళముందు మనిషి చనిపోవడం, వీటిలో దేని తర్వాతైనా రావచ్చు. జరిగింది వద్దన్నా కళ్ళముందుకు రావడం, గుర్తుచేసే వాటిని తప్పించుకోవడం, మనసు మొద్దుబారడం లేదా తప్పంతా తనదే అనిపించడం, ఎప్పుడూ ఉలికిపాటుగా ఉండడం అని లక్షణాలను నాలుగు గుంపులుగా చెప్తారు. ఇవి నెలకు మించి ఉండి, రోజువారీ పనులకు అడ్డొస్తుంటేనే ఆ పేరు పెడతారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లోకంలో నూటికి 70 మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి ఘటన ఎదుర్కొంటారు. వాళ్ళలో పీటీఎస్‌డీ దాకా వెళ్ళేది 5.6 శాతం. ఈ రెండు అంకెలూ కలిపి చదవాలి. ప్రమాదం జరిగిన మొదటి వారాల్లో నిద్రపట్టకపోయినా, ఏడుపొచ్చినా, చేతులు వణికినా అది జబ్బు కాదు, ఎక్కువమందికి దానంతటదే సర్దుకుంటుంది. సర్దుకోని కొద్దిమందిది పిరికితనమూ కాదు. తుఫాను తీరం దాటి, ఎండ కాసినా పోర్టులో ప్రమాద హెచ్చరిక జెండా దించకుండా వదిలేసినట్టు, వాళ్ళ ఒంట్లో అపాయపు సంకేతం ఎగురుతూనే ఉంటుంది. ధైర్యం చెప్పినంత మాత్రాన అది దిగదు.

ఇక అసలు విషయానికొస్తాను. ప్రమాదం తర్వాత నేను నెల్లూరు వెళ్ళాల్సొస్తే పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళేదాన్ని. దాన్నెవరూ తప్పుపట్టలేదు, పట్టడానికేమీ లేదు కూడా. రైలు హాయి, చవక, మా ఆయనకూ దిగులుండదు. ఆ తర్వాత టౌన్లో కర్నూలు రోడ్డు వైపు లారీలు ఎక్కువని అటు వెళ్ళడం మానేశాను. తర్వాత ఆటో ఎక్కితే డ్రైవరు వెనక కూర్చోకుండా సీటు చివరకు జరిగేదాన్ని. పేపర్లో జిల్లా పేజీ తిప్పేసేదాన్ని. చివరకు బంధువుల పెళ్ళికి కావలి వెళ్ళకపోవడానికి కూడా ఒంట్లో బాగోలేదన్న సాకు దొరికింది. ఒక్కొక్కటి విడిగా చూస్తే జాగ్రత్తలాగే ఉంటుంది. అన్నీ కలిపి చూస్తే నాకు మిగిలిన ఊరు మా వీధంత అయింది.

ఇలా ఎందుకు జరుగుతుందో నాకు సైకాలజిస్టు అర్థమయ్యేలా చెప్పారు. భయపడే చోటికి వెళ్ళకుండా ఆగిపోయిన క్షణంలో ఒళ్ళు తేలికవుతుంది. ఆ తేలికదనమే బహుమతి. వెళ్ళలేదు కాబట్టే బతికామని మెదడు నేర్చుకుంటుంది. ఆ రోడ్డు మీద రోజూ వేలమంది క్షేమంగా వెళ్ళి వస్తున్నారన్న సంగతి అనుభవంలోకి వచ్చే అవకాశమే ఉండదు. అందుకే ఈ జబ్బుకు బాగా పనిచేస్తాయని తేలిన చికిత్సల్లో చాలావరకు తప్పించుకోవడాన్ని తగ్గించే దారిలోనే నడుస్తాయి. సైకాలజిస్టు ఎడ్నా ఫోవా రూపొందించిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, అంటే భయపెట్టేవాటిని మెట్లుమెట్లుగా ఎదుర్కొనే పద్ధతి, అలాంటిదే. జరిగినదాని గురించి మనం చేసుకున్న తీర్మానాలను, అంటే ‘తప్పు నాదే’, ‘ఏ చోటూ క్షేమం కాదు’ లాంటివాటిని, పరీక్షించి చూసే చికిత్స ఇంకొకటి ఉంది. కంటి కదలికలతో చేసే ఈఎండీఆర్ కూడా ఉంది. ఏది దొరికితే అది, ఏది సరిపడితే అది.

సైకాలజిస్టు నాకు ఇచ్చిన హోంవర్కు చాలా చిన్నదిగా మొదలైంది. భయపెట్టేవాటిని తక్కువ నుంచి ఎక్కువకు వరసగా రాసుకోవాలి. మొదటి మెట్టు, ఒంగోలు బస్టాండులో కదలని బస్సులో కూర్చోవడం. అంతే. పక్కన మా ఆయన ఉన్నాడు. కండక్టరు కింద నిలబడి ‘కావలి, నెల్లూరు, కావలి, నెల్లూరు’ అని అరుస్తున్నాడు. డ్రైవరు ఇంజను వేసి ఆపాడు, గాలి వదిలిన చప్పుడైంది, నా గుండె గొంతులోకి వచ్చింది. లేచిపోవాలనిపించింది. నేర్చుకున్నట్టే చేశాను. కళ్ళకు కనపడే ఐదు వస్తువులు చూడాలి: స్త్రీలకు కేటాయించిన సీట్లన్న అక్షరాలు, చిరిగిన రెగ్జినులోంచి బయటికొచ్చిన స్పాంజి, కిటికీ కమ్మీకి పట్టిన తుప్పు, ఎవరిదో ఎర్ర సంచీ, నా చెప్పు. చేతికి తగిలేవి నాలుగు. వినపడేవి మూడు. వాసన రెండు: డీజిలు, అది కాక ఉడకబెట్టిన శనక్కాయలు. నోట్లో రుచి ఒకటి. ఆ శనక్కాయల వాసన పట్టుకోగలిగాక, నేనున్నది హైవే మీద చీకట్లో కాదు, బస్టాండులో పగటిపూట అని ఒంటికి కూడా తెలిసింది. భయం పూర్తిగా పోలేదు. సగానికి దిగింది. దిగాకే నేనూ బస్సు దిగాను. ఈ పద్ధతిలో కీలకం అదే: భయం నెత్తికెక్కి ఉన్నప్పుడు లేచిపోకూడదు, రవ్వంత తగ్గేదాకా ఉండాలి. తర్వాతి మెట్లు కొత్తపట్నం వెళ్ళే బస్సు, ఆ తర్వాత పగటిపూట హైవే మీద కొద్ది దూరం. ప్రతి మెట్టూ విసుగు పుట్టేదాకా చేసి, అప్పుడే పైదానికి వెళ్ళాను.

ఇక్కడొక హెచ్చరిక. నిజంగా ప్రమాదమున్న చోటికి తిరిగి వెళ్ళమని ఈ మాటకు అర్థం కాదు. కొట్టే మొగుడి దగ్గరికి, వేధించే బంధువు ఇంటికి ‘భయం పోగొట్టుకోవడానికి’ వెళ్ళకూడదు. అక్కడ దూరంగా ఉండడమే సరైన పని, పోలీసు, మహిళా హెల్ప్‌లైన్ 181 సాయం తీసుకోవాలి. అలాగే జరిగిన ఘటనను ఒంటరిగా తలుపులేసుకుని తవ్వుకోవడం మంచిది కాదు, ముఖ్యంగా చిన్ననాటి నుంచి దెబ్బలు తిన్నవాళ్ళకు. రోడ్డు, బస్సు, సముద్రం లాంటి బయటి విషయాల్లో చిన్న మెట్లు మనం వేసుకోవచ్చు. జ్ఞాపకం లోపలికి దిగే పని శిక్షణ ఉన్నవాళ్ళ పక్కన కూర్చుని చేయాలి.

‘మరి వాట్సాప్ గ్రూపుల్లోంచి ఎందుకు బయటికొచ్చావు, అదీ తప్పించుకోవడమే కదా’ అని నా స్నేహితురాలు అడిగింది. మంచి ప్రశ్న. మన జిల్లాల్లో హైవే మీద ప్రమాదం జరిగితే 108 వచ్చేలోపే వీడియో గ్రూపుల్లోకి వచ్చేస్తోంది. రోడ్డు ఎక్కడం నా బతుక్కి అవసరం, దానికి దూరమైతే నా బతుకు కుంచించుకుపోతుంది. ముక్కూమొహం తెలియని మనిషి నెత్తురు ఫోన్లో చూడడం ఎవరి బతుక్కీ అవసరం కాదు. దాన్ని వదిలేస్తే నేను కోల్పోయేదేమీ లేదు. ఏది తప్పించుకోవచ్చు, ఏది కూడదు అని తేల్చుకోవడానికి నేను వాడే కొలత ఇదే. ఆ వీడియోలు పంపేవాళ్ళను బతిమాలుకుంటున్నాను, పంపకండి. చూసేవాళ్ళలో అలాంటి ప్రమాదం నుంచి బయటపడినవాళ్ళు ఉంటారు, పోయినవాళ్ళ పిల్లలు ఉంటారు.

రాత్రుళ్ళ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ జబ్బులో మనిషిని అరగదీసేది నిద్రే. శ్వాస సంగతి మనకు కొత్త కాదు, ప్రాణాయామం తెలిసినవాళ్ళు ఇంటికొకరు ఉంటారు. భయం వచ్చినప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరేడు అంకెలకు మెల్లగా వదలాలి. వదిలేది పొడుగ్గా ఉండడమే ముఖ్యం. మధ్యాహ్నం దాటాక కాఫీ మానేస్తే తేడా కనిపిస్తుంది. పీడకల పదేపదే ఒకటే వస్తుంటే, పగటిపూట దాన్ని కాగితం మీద రాసి, ముగింపును మనకు నచ్చినట్టు మార్చి, ఆ మార్చిన కథను రోజూ కొద్దిసేపు మనసులో నడిపించుకునే పద్ధతి ఒకటుంది. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది గానీ చాలామందికి కలల జోరు తగ్గిస్తుంది. నా కలలో ఇప్పుడు లారీ లైట్లు వెలిగించుకుని ఉంటుంది, డ్రైవరు దూరం నుంచే చూసి పక్కకు తిప్పుతాడు.

ఇంట్లో వాళ్ళకు ఒక మాట. కలవరిస్తున్న మనిషిని భుజం పట్టి కుదిపి లేపకండి. లైటు వేసి, కాస్త దూరంగా నిలబడి, పేరు పెట్టి పిలవండి. ‘ఇంట్లోనే ఉన్నావు, నేనిక్కడే ఉన్నా’ అనండి. అంతకు మించి ఆ వేళలో ఏమీ అక్కర్లేదు.

మగవాళ్ళు ఈ నిద్రను సీసాలో వెతుక్కుంటారు. రెండు పెగ్గులేస్తే కన్ను మూతపడే మాట నిజమే. కానీ మందు నిద్రను తెల్లవారుజామున ముక్కలు చేస్తుంది, మర్నాటి ఉలికిపాటును పెంచుతుంది, కొన్నాళ్ళకు రెండు పెగ్గులు చాలవు. ఆడవాళ్ళు మెడికల్ షాపులో ‘నిద్ర బిళ్ళ’ అడుగుతారు. అల్ప్రాజొలామ్ లాంటి బిళ్ళలు చీటీ లేకుండా తెచ్చుకుని నెలల తరబడి మింగేవాళ్ళు నాకు తెలుసు. అవి అలవాటుగా మారతాయి. ఇలాంటి ఘటన జరిగిన మొదటి నెలలో ఆ జాతి మందులు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సూచించింది. మందులే వద్దని నా ఉద్దేశం కాదు. సెర్ట్రలీన్, పరాక్సెటీన్ లాంటివి ఈ జబ్బుకు వాడతారు, చాలామందికి పనిచేస్తాయి. అయితే గుణం కనపడడానికి వారాలు పడుతుంది, బాగుంది కదాని ఉన్నట్టుండి ఆపకూడదు. డాక్టరు రాసింది డాక్టరు చెప్పినట్టే వాడాలి.

పరామర్శల సంగతి కూడా తేల్చాలి. మనకు మనిషి ఆపదలో ఉంటే ఇంటికెళ్ళి పలకరించే మంచి అలవాటుంది. కానీ వచ్చిన ప్రతివాళ్ళూ ‘అసలెట్లా జరిగిందమ్మా, మొదట్నుంచీ చెప్పు’ అని కూర్చుంటే, చెప్పేవాళ్ళకు అది రోజుకు నాలుగుసార్లు మళ్ళీ జరుగుతుంది. ఘటన జరిగిన వెంటనే మనిషి చేత బలవంతంగా అంతా చెప్పించడం మేలు చేయదని ఇప్పుడు వైద్యులూ ఒప్పుకుంటున్నారు. నేను ఒక వాక్యం సిద్ధం చేసుకున్నాను: ‘ఇప్పుడు దాని గురించి మాట్లాడలేను పిన్నీ, మీ అమ్మాయి సంగతులు చెప్పండి.’ ఎవరూ నొచ్చుకోలేదు. పలకరించడానికి వెళ్ళేవాళ్ళు కూర చేసి తీసుకెళ్ళండి, పిల్లల్ని బడికి దించండి, పోలీసు కాగితాల పనికి తోడు వెళ్ళండి. చెప్పాలనిపించిన రోజు వాళ్ళే చెప్తారు.

మా అత్తయ్య నేను జడుసుకున్నానని కసుమూరు దర్గాకు తీసుకెళ్ళింది. నాకు అభ్యంతరం లేదు. చేతికి తాయెత్తు కట్టించుకున్నాను, అక్కడ మరికొందరు ఆడవాళ్ళతో చాలాసేపు కూర్చున్నాను, దిగులున్న మనిషిని నలుగురి మధ్యకు తీసుకెళ్ళడంలో గొప్ప ఉపశమనం ఉంది. గుడైనా, దర్గా అయినా, చర్చి అయినా దీన్ని నేను చిన్నచూపు చూడను. నేను వాదించేది ఒక్కటే: అక్కడితో ఆగొద్దు. తాయెత్తు ఉన్న చేత్తోనే డాక్టరు దగ్గర చీటీ రాయించుకోవచ్చు.

మా ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఈ భయానికి ఒక కాలం కూడా ఉంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు తీరంలో ఉన్నవాళ్ళు, 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయినప్పుడు నీళ్ళ మధ్య చిక్కుకున్నవాళ్ళు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను గాలికి తలుపులు పట్టుకుని నిలబడినవాళ్ళు, వీళ్ళకు దీపావళి దాటిందంటే టెన్షన్ మొదలవుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట టీవీలో వినపడితే చాలు. ఈ కాలానికి ముందే సిద్ధపడడం తప్పించుకోవడం కిందికి రాదు. రేషన్ కార్డు, ఆధార్, మందులు, టార్చి, ఛార్జరు ఒక సంచిలో పెట్టి, ఎక్కడికి వెళ్ళాలో ఇంట్లో అందరూ అనుకున్నాక, చేయాల్సింది చేశామన్న నెమ్మది వస్తుంది. వాతావరణ కబురు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తే చాలు. రోజంతా టీవీ ముందు కూర్చుంటే తుఫాను రాకముందే ఇంట్లోకి వచ్చేస్తుంది. ఘటన జరిగిన తారీఖు దగ్గర పడుతుంటే ఇంట్లో వాళ్ళకు చెప్పి పెట్టుకోవాలి. ఆ రోజు ఒంటరిగా ఉండకుండా, చేతికి పని ఉండేలా చూసుకోవాలి.

ఎవరూ తలుచుకోని మనుషులు ఇంకొందరున్నారు. హైవే పక్క ఊళ్ళలో ప్రమాదం శబ్దం వినపడగానే పలుగూ పారా పట్టుకుని పరిగెత్తేవాళ్ళు, 108 సిబ్బంది, టోల్‌గేటు అంబులెన్సు కుర్రాళ్ళు, కానిస్టేబుళ్ళు. నన్ను బస్సులోంచి బయటికి తీసింది పొలానికి నీళ్ళు పెట్టుకోవడానికి వచ్చిన ఒక రైతు, ఆయన కొడుకు. పనిలో భాగంగా మళ్ళీ మళ్ళీ ఇలాంటివి చూసేవాళ్ళకూ పీటీఎస్‌డీ రావచ్చని వైద్యశాస్త్రం ఒప్పుకుంటుంది. 2012లో నెల్లూరు దగ్గర తమిళనాడు ఎక్స్‌ప్రెస్ బోగీ తగలబడినప్పుడు లోపలికెళ్ళినవాళ్ళను, 2022లో కందుకూరు తొక్కిసలాటలో పడిపోయినవాళ్ళను మోసినవాళ్ళను తర్వాత నిద్రపడుతోందా అని ఎంతమంది అడిగి ఉంటారు? అలాంటివాళ్ళు మీ ఇంట్లో ఉంటే మీరు అడగండి.

ఎక్కడికి వెళ్ళాలి అని అడిగేవాళ్ళకు: 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ అది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఈ వైద్యం మన హక్కు. ఇన్సూరెన్సు కంపెనీలు కూడా ఒంటి జబ్బులకిచ్చినట్టే మనసు జబ్బులకూ ఇవ్వాలని అదే చట్టంలో ఉంది. ప్రమాదంలో గాయపడి ఆసుపత్రిలో ఉన్నవాళ్ళు నిద్ర, ఉలికిపాటు, భయం గురించి కూడా డాక్టరుకు చెప్పి, డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. ఎముక విరిగిన సంగతి ఎక్స్‌రే చెప్తుంది, ఇది మనం నోరు తెరిస్తేనే తెలుస్తుంది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం రేపటి దాకా ఆగొద్దు, పక్కన మనిషిని ఉంచుకుని వెంటనే ఫోన్ చేయండి.

నయం కావడం నిచ్చెన ఎక్కినట్టు సాగదు. నేను పగటిపూట హైవే మీద బాగానే వెళ్తున్న రోజుల్లో మా బడికి దగ్గర్లో ఒక లారీ బోల్తాపడింది, మళ్ళీ వారం పాటు నిద్ర లేదు. అప్పుడు చేయాల్సింది జాబితాలో రెండు మెట్లు కిందికి దిగి, అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టడం. రెండోసారి త్వరగా ఎక్కుతాం, ఒంటికి దారి తెలుసు కాబట్టి. నా జాబితాలో రాత్రి బస్సు ఇంకా మిగిలే ఉంది. సంక్రాంతి సెలవులయ్యాక నెల్లూరులో మా చెల్లెలి ఇంటికి వెళ్ళి, రాత్రి పూట తిరిగి రావాలని అనుకున్నాను. మా ఆయన వెనక సీటులో కూర్చుంటానన్నాడు, పక్కన వద్దని నేనే చెప్పాను.